తాళాల గుత్తి
(బైలకుప్పె శనివారాలు: డైరీ పుటలు)

13 జనవరి 2024, శనివారం

ఇల్లు చేరేసరికి రాత్రి తొమ్మిదిన్నర. రేపు భోగి. పిల్లలు ఈసారి రావడం లేదు, అరిసెల పాకం పట్టే పని లేదు. ఇవాళ్టి సంగతి ఇవాళే రాసి పెట్టుకుంటున్నాను.

కర్ణాటకలోని టిబెటన్ శరణార్థుల ఊరు బైలకుప్పెలో ఆరోగ్య శిబిరానికి నెలకు రెండు శనివారాలు వెళ్లడం మొదలై నాలుగేళ్లయింది. కౌన్సెలింగ్ కోసం నా గదికి వచ్చేవాళ్లు చాలావరకు నాకు తెలిసిన తీరువాళ్లే. చలికాలంలో స్వెటర్లు అమ్ముకోవడానికి ఊళ్లు పట్టుకు తిరిగే ఆడవాళ్లు, కొడుకులు విదేశాలకు వెళ్లిపోతే మిగిలిన ముసలివాళ్లు, పరీక్ష తప్పిన కుర్రాళ్లు. ఇవాళ ఒక మఠం ఛాంజో వచ్చారు.

ఛాంజో అంటే మఠానికి మేనేజరు. చదువు, ధర్మం ఖెంపో చూసుకుంటారు, అంటే మఠాధిపతి. క్రమశిక్షణ గేకోది. బియ్యం, నూనె, కరెంటు, ఆడిట్, ఆస్పత్రి బిల్లులు, పిల్లల బడి, దాతలకు ఉత్తరాలు, శరణార్థుల రిజిస్ట్రేషన్ కాగితాల రెన్యువల్, ఇవన్నీ ఛాంజో నెత్తిన ఉంటాయి. ఆయన పేరు గానీ, మఠం పేరు గానీ ఈ నోట్‌బుక్‌లో రాయను. స్పితి లోయ మనిషి. 1989లో పదకొండేళ్లప్పుడు ఇక్కడికి వచ్చారు. ఇరవై ఏళ్లు పైగా చదివి గెషే పట్టా పొందారు. మూడేళ్ల కింద సభ కూర్చుని ఈయన్ని ఛాంజోగా ఎన్నుకుంది. "వద్దనడం మాకు అలవాటు లేదు" అన్నారు హిందీలో.

గ్యాస్ అని చెప్పి వచ్చారు. బీపీ బాగానే ఉంది, ఈసీజీ కూడా. డాక్టరుగారు నా గదికి పంపారు. గెషే-లా అని పిలిచాను (వాళ్ల 'లా' మన 'గారు' లాంటిది). నిటారుగా కూర్చున్నారు. ముఖంలో ఆ చిరునవ్వు చెదరలేదు. చెయ్యి మాత్రం నిమిషానికోసారి నడుము దగ్గరికి పోతోంది. అక్కడ తాళాల గుత్తి ఉంది. స్టోరు, బీరువా, జనరేటర్ గది, అతిథి గదులు. లెక్కపెట్టి చెప్పారు, మొత్తం 17. రాత్రి ఆ గుత్తి తలగడ కింద పెట్టుకుంటారట.

"ఎన్ని గంటలు నిద్రపోతున్నారు?" అని అడిగాను.

ఆయన చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత, "ఈ మాట నన్నెవరూ అడగలేదు" అన్నారు.

రెండు గంటలు. ఏడాదిగా.

27 జనవరి, శనివారం

పెరియపట్న దాటుతుంటే రోడ్డు పక్కన పొగాకు బ్యారన్లు కనపడి ప్రాణం లేచొచ్చినట్టవుతుంది నాకు. మా కొండపి బ్యారన్లలాగే ఉంటాయి. ఆ తర్వాత మొక్కజొన్న చేలు, చేల మీద రంగుల ప్రార్థనా పతాకాలు.

ఇవాళ అక్కడి టిబెటన్ వైద్యుణ్ని కలిశాను. మా ఛాంజోగారు నాకంటే ముందే ఆయన దగ్గరికి వెళ్లారట. నాడి చూసి ఆయన చెప్పిన మాట 'సోక్-లూంగ్'. లూంగ్ అంటే గాలి. వాళ్ల వైద్యంలో లూంగ్, త్రీపా, బేకెన్ మూడు దోషాలు, మన వాతపిత్తకఫాలే. ప్రాణవాయువు దారి తప్పి గుండెలోకి చేరితే సోక్-లూంగ్. నిద్ర ఉండదు, గుండె దడ, ఉలికిపాటు, ఊరికే కోపం, ఊరికే ఏడుపు. ఇది ఎవరికి ఎక్కువ వస్తుందో కూడా వాళ్ల పుస్తకాల్లో ఉందట: మనసును బలవంతంగా తోలేవాళ్లకు. రాత్రింబవళ్లు చదివేవాళ్లకు, పట్టుబట్టి ధ్యానం చేసేవాళ్లకు, పది మంది బరువు మోసేవాళ్లకు.

నాకు కళ్లు తెరిపిడి పడ్డాయి. భిక్షువుకు మనసు చెడితే అతని సాధనలో లోపం ఉందని బయటివాళ్లం అనుకుంటాం. వాళ్ల వైద్యం అలా అనలేదు. ఇది ఒంటి జబ్బు, గాలి చెడింది, నూనె రాయండి, వేడి రసం పట్టండి, ఇష్టమైన మనుషుల మధ్య కూర్చోబెట్టండి అంటుంది. అగర్-35 అని మాత్రలిచ్చారు, అగరు చెక్కతో చేసినవి. జాజికాయ, సోపులాంటి గింజలు గుడ్డలో మూటగట్టి వేడి నూనెలో ముంచి నడినెత్తిన అద్దుతారు. మా అమ్మమ్మ బాలింతలకు వాము మూట కాచేది, అచ్చం అలాగే.

"మాత్ర ఇవ్వగలను. ఇష్టమైన మనుషుల్ని ఎక్కణ్నుంచి తేను?" అన్నారు వైద్యుడు. "మఠంలో 400 మంది ఉన్నారు. అందరూ ఆయన్ని ఏదో ఒకటి అడిగేవాళ్లే."

17 ఫిబ్రవరి, శనివారం

లోసార్, వాళ్ల కొత్త సంవత్సరం, 10వ తేదీన అయింది. ఇప్పుడు మోన్లం ప్రార్థనలు. ఆయన శిబిరానికి రాలేదు, నేనే మఠం ఆఫీసుకు వెళ్లాను. బల్ల మీద ఖాప్సేలు పెట్టారు, మన గవ్వల్లాగా నూనెలో వేయించినవి. తలుపు తోసుకుని పదిహేను నిమిషాల్లో తొమ్మిది మంది వచ్చారు. ఒకరికి సంతకం, ఒకరికి అంబులెన్సు, ఒకరికి తైవాన్ నుంచి వచ్చే అతిథులకు గది. తొమ్మిది మందికీ అదే చిరునవ్వు. పదోసారి తలుపు చప్పుడైనప్పుడు ఆయన దవడ బిగుసుకోవడం చూశాను.

చివరికి తలుపు వేయించి చెప్పారు. తవాంగ్ నుంచి వచ్చిన తొమ్మిదేళ్ల పిల్లాడు సోమవారం రాత్రి కొళాయి కట్టకుండా వదిలేశాడు. తెల్లారేసరికి ట్యాంకు ఖాళీ. అసలే నీళ్ల ఎద్దడి. ఈయన కేక వేసి చెయ్యెత్తారు. పిల్లాడు గోడవారన కూలబడి రెండు చేతులూ తల మీద పెట్టుకున్నాడు.

"నేను కొట్టలేదు. కానీ కొడతానని వాడు నమ్మాడు."

ఆ మాట అంటున్నప్పుడు ఆయన రెండు అరచేతులూ తన నున్నటి తల మీదికి వెళ్లాయి, ఆ పిల్లాడు పెట్టుకున్నట్టే. అలాగే ఉండిపోయారు. బోధిచర్యావతారం ఆరో అధ్యాయం క్షాంతి గురించి. దాన్ని ఆ పిల్లలకు ఏటా చెప్పేది ఈయనే.

ఎవరిని అడిగినా సూటిగా అడగాలని ఈ వృత్తి నాకు నేర్పింది. చనిపోవాలనిపిస్తోందా అని అడిగాను.

"చనిపోవాలని కాదు. ఒక్క వారం ఎవరికీ కనిపించకుండా ఉండాలని."

మైసూరులో సైకియాట్రిస్టుకు చూపిద్దామన్నాను. ఒప్పుకున్నారు. చీకటి పడ్డాక వస్తామన్నారు.

27 ఫిబ్రవరి, మంగళవారం

ఈ పుట రాయడానికి చెయ్యి ఆడటం లేదు.

సాయంత్రం ఏడింటికి ఆస్పత్రిలో కూర్చున్నాం. ఆయన టోకెన్ 14. పదిమంది దాకా రోగులు, వాళ్ల తాలూకువాళ్లు. మెరూన్ చీవరం చూడగానే ఒకావిడ లేచి వచ్చి, కాళ్లకు దణ్నం పెట్టి, పక్కనున్న కొడుకును ముందుకు తోసింది. కుర్రాడికి ఇరవై ఉంటాయేమో, చూపు నేల మీద. "స్వామీ, వీడి తల మీద చెయ్యి పెట్టండి" అంది కన్నడంలో. ఈయన లేచి నిలబడ్డారు. కుర్రాడి నెత్తిన చెయ్యి పెట్టి కళ్లు మూసుకుని మంత్రం చదివారు. ఆ తర్వాత మరో ఇద్దరు వచ్చారు. వాళ్లకూ చదివారు. అప్పుడు టోకెన్ 14 అని పిలిచారు.

వైద్యం కోసం వచ్చిన చోట కూడా ఆ మనిషిని రోగిగా ఉండనివ్వలేదు మేము. 'మేము' అనే రాస్తున్నాను. ఆ తల్లిని తప్పు పట్టలేను. ఆవిడ స్థానంలో ఉంటే నేనూ అలాగే వెళ్లేదాన్ని.

డాక్టరుగారు మనోవ్యాకులత, ఆందోళన అన్నారు. చిన్న మోతాదు మందు, ఆరు వారాలకు మళ్లీ రమ్మన్నారు. టిబెటన్ మాత్రలు చీటీలో రాసుకుని, దీనికీ దానికీ మధ్య వ్యవధి ఎంత ఉండాలో చెప్పారు. రెండు వైద్యాల మధ్య పోటీ పెట్టనందుకు ఆయనకు మనసులోనే నమస్కారం పెట్టుకున్నాను.

9 మార్చి, శనివారం

నిన్న శివరాత్రి. జాగారం చేసి తల దిమ్ముగా ఉన్నా బస్సెక్కాను. ఏడాదికి ఒక్క రాత్రికే నాకిలా ఉంది.

గోరుచుట్టు మీద రోకటిపోటన్నట్టు మఠం బోరు పూర్తిగా ఎండిపోయింది. కిందటేడు వానలు ఎగ్గొట్టిన దెబ్బ కర్ణాటకంతా తింటోంది. రోజుకు ఆరు ట్యాంకర్లు తెప్పిస్తున్నారు. దానికి తోడు మొన్న రాత్రి ఏనుగులు చేలో పడ్డాయట. నాగరహొళె అడవి దగ్గరే కదా. 1960ల మొదట్లో ఇక్కడ అడవి కొట్టి గుడారాలేసుకున్నప్పటి నుంచీ వీళ్లకు ఏనుగులతో పేచీ ఉంది.

ఏనుగుల మాట మీద పారిలేయకం అడవి కథ వచ్చింది. కౌశాంబిలో భిక్షువులు రెండు వర్గాలై కొట్లాడుకుంటుంటే బుద్ధుడు మూడుసార్లు నచ్చజెప్పాడు. వినలేదు. ఎవరికీ చెప్పకుండా పాత్ర తీసుకుని ఒంటరిగా అడవికి వెళ్లిపోయాడు. అక్కడికే ఒక ఏనుగు వచ్చింది. మందకు పెద్దది. అది విరిచిన కొమ్మలు మిగతావి తినేసేవి, దానికి కొసలు కొరికేసిన గడ్డే మిగిలేది. రేవులోకి దిగేసరికి నీళ్లు బురద. ఒడ్డెక్కుతుంటే ఒళ్లు రాసుకుంటూ పోయేవి. దానికీ విసుగు పుట్టి మందను వదిలి వచ్చింది. ఆ ఇద్దరూ ఆ అడవిలో హాయిగా ఉన్నారని త్రిపిటకం చెబుతుంది. కౌశాంబి గృహస్థులు భిక్ష పెట్టడం మానేస్తే గానీ ఆ భిక్షువులకు బుద్ధి రాలేదు.

నేను కథ మొదలుపెడితే సగం నుంచి ఆయనే అందుకుని చెప్పారు. బురద నీళ్ల దగ్గర ఆగిపోయారు.

"ఆ ఏనుగుకు అడవి ఉంది" అన్నారు.

కిందటేడు పదకొండు మంది యువ భిక్షువులు చీవరం విడిచి వెళ్లిపోయారు. టిబెట్ నుంచి వచ్చేవాళ్లు 2008 తర్వాత బాగా తగ్గిపోయారు. హిమాలయ గ్రామాల్లోనూ పిల్లలు తక్కువ. ఆ పదకొండు పేర్లూ ఈయన వేళ్ల మీద చెప్పారు, అప్పులు చెప్పినట్టు. ఒక్కొక్కరి విషయంలో తన తప్పేమిటో కూడా చెప్పారు. వింటూ కూర్చున్నాను. ఆ పదకొండులో ఒకడు బెంగళూరులో హోటల్లో పనిచేస్తూ ప్రతి ఆదివారం ఈయనకు ఫోన్ చేస్తాడట. అది ఆయన లెక్కలోకి రాలేదు.

24 మార్చి, ఆదివారం

నాకు ఒక అనుమానం తీరాలనిపించి వినయపిటకం అనువాదం మళ్లీ తీశాను. సంఘంలో పెత్తనం అప్పగించేటప్పుడు ఏం చూసేవాళ్లు?

భిక్షువు దబ్బ మల్లపుత్తుడు ఏడేళ్లకే అర్హతుడైనవాడు. ఇక సాధించాల్సింది లేదు, సంఘానికి పడకలు, భోజనాలు కేటాయించే పని నాకివ్వండి అని తానే అడిగి తీసుకున్నాడు. అర్ధరాత్రి వచ్చినవాళ్లకు కూడా తన వేలి వెలుగులో దారి చూపి వసతి ఇచ్చేవాడట. తమ వంతుకు నాసిరకం భోజనం వచ్చిందని కక్షగట్టిన ఇద్దరు ఆయన మీద శీలం పోయిందన్న నింద వేయించారు. విచారణలో నింద అబద్ధమని తేలింది. అర్హతుడికే తప్పలేదు.

ఆ పదవులకు పెట్టిన అర్హతలు చదువు, వాక్చాతుర్యం కావు. పక్షపాతం, ద్వేషం, మోహం, భయం, ఈ నాలుగింటికీ లొంగనివాడై ఉండాలి. చివరిది నన్ను పట్టుకుంది. భయపడే మనిషి సరిగ్గా పంచలేడని వాళ్లకు తెలుసు. నిద్రలేని మనిషికి భయం తప్ప మరొకటి ఉండదని నాకు ఇరవై ఏళ్ల వృత్తిలో తెలిసింది.

ఇంకొకటి. పావా నగరంలో మల్లులు కట్టించిన కొత్త సభాభవనంలో, నిండు సభలో, బుద్ధుడు శారిపుత్రుణ్ని పిలిచి నడుం నొప్పిగా ఉంది, కాసేపు వాలుతాను, నువ్వు చెప్పు అన్నాడు. చీవరం నాలుగు మడతలు వేసి పరుచుకుని పడుకున్నాడు. శారిపుత్రుడు ఆ రాత్రి చెప్పినదే సంగీతి సూత్రం.

ఇది చదువుతుంటే మా నాన్న గుర్తొచ్చాడు. మా ఊరి సహకార సంఘానికి పదేళ్లు ప్రెసిడెంటు. పొగాకు రేటు పడిపోయిన ఏడు రాత్రుళ్లు అరుగు మీద కూర్చుని ఉండేవాడు. మేం నలుగురు పిల్లలం, అమ్మ. ఒక్కరం కూడా నిద్ర పట్టట్లేదా నాన్నా అని అడగలేదు. ఆయన పెద్దమనిషి కదా, పెద్దమనుషులు ఆలోచిస్తారు అనుకున్నాం.

13 ఏప్రిల్, శనివారం

ఛాంజోగారి అనుమతి తీసుకుని ఖెన్‌సుర్‌ను కలిశాను. ఖెన్‌సుర్ అంటే పూర్వ మఠాధిపతి. ఎనభై ఏళ్లు. 1959లో కొండలు దాటి వచ్చి, ఉత్తర బెంగాల్లో బక్సా కోటలో పడ్డారు. బ్రిటిష్‌వాళ్లు స్వాతంత్ర్య యోధుల్ని బంధించిన జైలు అది. పదిహేను వందల మంది దాకా భిక్షువుల్ని అక్కడ ఉంచారు. వేడికి, క్షయకు చాలామంది పోయారు.

"నా పక్క చాప మీద ఇద్దరు పోయారు. ఆ రోజుల్లో మనసు బాగాలేదు అనే మాట అనేవాళ్లం కాదు. పాఠం ఆగలేదు" అన్నారు. ఆ గొంతులో గొప్ప లేదు. "మఠాధిపతిగా ఉన్నప్పుడు నాకూ లూంగ్ వచ్చింది. గోశాలకు వెళ్లి కూర్చునేవాణ్ని. ఆవులు ఏమీ అడగవు."

మీరెవరికి చెప్పుకున్నారని అడిగాను. తల అడ్డంగా ఊపారు.

నేను అడగాలనుకున్నది అడిగేశాను. ఛాంజో పని ఇద్దరికి పంచండి. గడువు రాసి పెట్టండి, గడువయ్యాక ఇంకో ఏడాది ఉండమని బతిమాలకండి. వారానికి ఒక రోజు తాళాలు వేరేవాళ్ల దగ్గర ఉండాలి. ఆయన కింద పనిచేయని స్నేహితుడు ఒకడు ఉండాలి. గెలుగ్ సంప్రదాయానికే పెద్ద అయిన గాండెన్ త్రిపా పీఠానికి ఏడేళ్ల గడువు ఉంది. మీకు ఇది కొత్తేమీ కాదు అన్నాను. మాట కాస్త పెద్దదైందేమోనని భయపడ్డాను.

ఆయన జపమాల తిప్పడం ఆపి, "సభకు వానలు పడ్డాక చెబుతాను. ఎండిన బోరు ముందు కూర్చుని ఎవరూ మంచి నిర్ణయం చేయరు" అన్నారు.

25 మే, శనివారం

మొన్న వైశాఖ పూర్ణిమ, వాళ్లకు సాగా దావా. మందు పనిచేస్తోంది. నాలుగు గంటలు నిద్ర. ఛాతీ బిగింపు ఉంది గానీ రోజంతా లేదు.

పాత స్నేహితుడొకరు దొరికారు. ముండ్‌గోడ్‌లో ఉంటారు. చదువుకునేటప్పుడు శాస్త్రవాదంలో ఈయన్ని ఎప్పుడూ ఓడించేవారట. ఈయన మూడేళ్లుగా ఫోన్ చేయలేదు, "ఛాంజో ఫోన్ చేస్తే అప్పుకేమో అనుకుంటారు" అని. ఇప్పుడు రోజూ రాత్రి ఎనిమిదింటికి పావుగంట. శూన్యత మీద వాదించుకుంటారు. నీళ్ల మాట, డబ్బు మాట ఎత్తకూడదని ఒప్పందం.

మాది ప్రకాశం జిల్లా అని తెలిసి, ఛాంజోగారు 2006 జనవరిలో అమరావతిలో కాలచక్ర దీక్షలకు వచ్చానన్నారు. అప్పుడు ఇరవై ఎనిమిదేళ్లు. పని టీ కెటిల్ మోయడం. ఉప్పు, వెన్న వేసిన టీ పెద్ద కెటిల్‌లో పోసుకుని, వరసల మధ్య పరుగెత్తుతూ వేలమందికి పోశారు. భుజం వాచిపోయిందట. "రాత్రి పడుకుంటే కృష్ణ ఒడ్డు గాలి. తెల్లారేదాకా ఒకటే నిద్ర" అన్నారు. నిజంగా నవ్వడం అప్పుడు చూశాను. జనవరిలో చూసిన చిరునవ్వు ఇది కాదు.

డ్రెపుంగ్ అనే వాళ్ల మహావిహారం పేరుకు అర్థం బియ్యపు రాశి అని ఆయనే చెప్పారు. మన ధాన్యకటకం పేరునే 1416లో లాసా దగ్గర పెట్టుకున్నారు. వాళ్లు రోజూ చదివే నాగార్జునుడు శాతవాహన రాజుకు స్నేహితుడిగా ఉత్తరం రాశాడు, సుహృల్లేఖ. రాజుకైతే అలాంటి స్నేహితుడు ఉన్నాడు. మఠం నడిపేవాడికి ఆ ఉత్తరం ఎవరు రాయాలి?

20 జులై, శనివారం

వాన. కొడగులో కుండపోత. కుశాలనగర దగ్గర కావేరి ఎర్రగా ఒడ్డులొరుసుకుని పోతోంది.

సభ 12న జరిగింది. ఛాంజో పనిని ఇద్దరికి పంచారు, గడువు రెండేళ్లు. ఈయన్ని తరగతులకు పంపారు, ఆరో అధ్యాయం చెప్పే తరగతికే. ఇవాళ కలిసినప్పుడు చెయ్యి రెండుసార్లు నడుము దగ్గరికి వెళ్లి, ఏమీ తగలక వెనక్కి వచ్చింది. మందు ఇంకా ఆపకూడదని డాక్టరుగారి మాట. ఛాతీ బిగింపు వారానికోసారి వస్తూనే ఉంది. తవాంగ్ పిల్లాడు మొదట్లో దూరంగా కూర్చునేవాడట. ఇప్పుడు మూడో వరసలోకి వచ్చాడని చెప్పారు.

బయటికి వస్తుంటే కొత్త ఛాంజోలు కనిపించారు. ఒకరికి ముప్పై ఆరు, ఒకరికి నలభై. తాళాలు పంచుకున్నారు, ఒకరి దగ్గర తొమ్మిది, ఒకరి దగ్గర ఎనిమిది. ఇద్దరూ చేతులు జోడించి చిరునవ్వు నవ్వారు. ఆగస్టు మొదటి శనివారం వాళ్లిద్దరికీ చెరో అరగంట రాసి పెట్టాను.